ఖాదర్ సార్‌కు బతికున్న పిడుదు కావాలి

మొన్న ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే బస్సులో కూర్చుని ఉండగా వాన పడి వెలిసింది. ఊరు దాటిన కాసేపటికి బస్సు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద. తడిసిన గొర్రెల వాసన కిటికీల్లోంచి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. ఆ వాసన తెలియని వాళ్ళకు ఎలా చెప్పాలో నాకు తెలియదు. తడి వెంట్రుకలు, పెంటికలు, నలిగిన ఆకు, కాస్త పుల్లటి పాలు, అన్నీ అందులో ఉంటాయి. నా పక్కనున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ముందు సీట్లో కాలేజీ పిల్లలు అద్దాలు మూసేశారు. నేను మాత్రం తల బయటికి పెట్టి గొర్రెల చెవుల వెనక చూడటం మొదలుపెట్టాను. నలభై దాటిన మనిషిని, జుట్టు సగం నెరిసింది, అయినా ఆ అలవాటు పోలేదు. అవి మా గొర్రెలా అని పక్కావిడ అడిగింది. కావన్నాను. మరి ఏం చూస్తున్నానో చెప్పాలి గానీ, గొర్రెల ఒంటికి కరుచుకుని రక్తం తాగే పిడుదుల కోసం వెతుకుతున్నానని బస్సులో చెబితే పక్క సీటు ఖాళీ అయిపోతుంది. అందుకని నవ్వి ఊరుకున్నాను.

ఆ చూపు నాకు నేర్పింది ఖాదర్ సార్. ఆయన పోయి మూడేళ్ళయింది. పశువుల డాక్టరు. ఉదయగిరిలోనే పుట్టి, ఆ చుట్టుపక్కల పశువుల ఆసుపత్రుల్లో చాలా ఏళ్ళు పనిచేసి, ఆ తర్వాత నెల్లూరు ఊరి చివర ఉన్న మా ప్రయోగశాలకు వచ్చారు. పిడుదుల వల్ల మనుషులకు వచ్చే జ్వరాల మీద అక్కడ ఒక పరిశోధన నడిచేది, దానికి ఆయనే పెద్ద. పొట్టి మనిషి, మాట నెమ్మది. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు మూడు ఖాళీ ఇంజక్షను సీసాలు ఉండేవి, మూతికి దూది పెట్టి. ఎక్కడ ఏ గొర్రె మీద, ఏ కుక్క మీద పిడుదు కనిపించినా తీసి సీసాలో వేసి, మీద తేదీ, ఊరు రాసుకునేవారు. సీసా ఒక్కోసారి ఖాళీ కాదని ఊళ్ళో అందరికీ తెలుసు. టీ బంకు అతను సార్‌కు గ్లాసు అందించేటప్పుడు ఒక కన్ను ఆ జేబు మీదే వేసి ఉంచేవాడు.

నేను ఆత్మకూరు మనిషిని. మా నాయనకు బస్టాండు దగ్గర తవుడు, వేరుశనగ చెక్క, పశువుల దాణా అమ్మే అంగడి ఉండేది. గొర్రెల వాళ్ళు మా అంగడి ముందు కూర్చుని మాట్లాడుకోవడం చూస్తూ పెరిగానే గానీ, పిడుదు అంటే చెప్పుతో తొక్కేదని తప్ప నాకు ఇంకేమీ తెలియదు. మైక్రోబయాలజీ చదివి, హైదరాబాదులో ఒక టీకాల కంపెనీలో రెండేళ్ళు చేసి, ఆ ఊరు పడక తిరిగొచ్చి, సార్ దగ్గర ఉద్యోగానికి వెళ్ళాను. ఇంటర్వ్యూలో ఆయన నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, బల్ల మీద ఒక తెల్లటి సత్తు పళ్ళెం పెట్టి, అందులో ఒక పిడుదును వదిలారు. ఏం కనపడుతోందో చెప్పమన్నారు. ఎనిమిది కాళ్ళు, గట్టి పెంకు, ఫలానా జాతి అయి ఉండవచ్చు అని నాకు తెలిసిందంతా గడగడా చెప్పేశాను. ఆయన విని, "అవన్నీ పుస్తకంలో ఉండాయిలేమ్మా. ఇదిప్పుడు ఏం చేస్తా ఉండాదో చెప్పు" అన్నారు. ఏమీ చేయడం లేదన్నాను. ఆయన పళ్ళెం మీదికి వంగి మెల్లగా ఊపిరి వదిలారు. రాయిలా పడి ఉన్న పిడుదు ముందు కాళ్ళు రెండూ పైకెత్తి గాలిలో అటూ ఇటూ ఆడించింది. దాని ముక్కు ఆ కాళ్ళలోనే ఉంటుందని, మన ఊపిరి వాసన పట్టి మనిషో గొర్రో దగ్గరలో ఉందని తెలుసుకుంటుందని చెప్పారు. ఆయన చెబుతూ ఉండగానే నేనూ వంగి ఊపిరి వదిలాను. అది మళ్ళీ కాళ్ళెత్తింది. ఉద్యోగం అప్పుడే వచ్చేసిందని తర్వాత ఆయనే అన్నారు.

ఆ పరిశోధన వెనక ఒక చావు ఉంది. ఉదయగిరి కొండ వాలు మీది ఒక పల్లెలో ఓబులమ్మ అనే ఆమెకు గొర్రెల మంద ఉండేది. నేను చేరడానికి రెండేళ్ళ ముందు ఆమె భర్త జ్వరంతో పోయాడు. టైఫాయిడని కొన్నాళ్ళు, డెంగీ అని కొన్నాళ్ళు మందులు వాడారు. ఆ వారంలో సార్ గొర్రెలకు టీకాలు వేయడానికి ఆ పల్లెకు వెళ్ళారు. మంచం మీదున్న మనిషి అరచేతుల్లో ఎర్రటి మచ్చలు చూశారు. పిడుదు కుట్టి వచ్చే జ్వరంలో అలాంటి మచ్చలు వస్తాయని ఆయన ఎక్కడో చదివి ఉన్నారు. దానికి డాక్సీ అనే మామూలు మాత్ర పనిచేస్తుందని కూడా తెలుసు. కానీ నోరు విప్పలేదు. ఈ సంగతి ఆయన నాకు ఒక్కసారే చెప్పారు, జీపులో, రోడ్డు వైపే చూస్తూ. తాను గొర్రెలకు డాక్టరునే గానీ మనుషులకు కాదు కదా, మనుషుల డాక్టర్లు చూస్తున్నారు కదా అనుకున్నారట. మనిషి పోయాక, ఇక్కడి పిడుదుల్లో ఆ జబ్బు ఉందో లేదో తేల్చకుండా ఊరుకోకూడదని పట్టు పట్టారు. ఉందని తేలితే ఆత్మకూరు, కలిగిరి, ఉదయగిరి డాక్టర్లు జ్వరం చూడగానే ఆ మాత్ర గురించి ఆలోచిస్తారు. తేలకపోతే ఆలోచించరు. మేం చేసిన పనంతా దానికోసమే.

తేల్చడం అంత సులువు కాదు. ఆ జబ్బు తెచ్చే బ్యాక్టీరియాకు బంధువులు పిడుదుల్లో చాలా ఉంటాయి, అవన్నీ మనిషికి హాని చేయవు. పిడుదులో దాని జాడ కనిపించినంత మాత్రాన సరిపోదు; ఏ రకమో ఖాయంగా తెలియాలంటే దాన్ని విడదీసి, పెంచి చూడాలి. అది మామూలుగా పళ్ళెంలో పోషకాల మీద పెరిగే రకం కాదు. బతికున్న కణం లోపల దూరి అక్కడే బతుకుతుంది. అందుకే సార్‌కు బతికున్న పిడుదు కావాలి. ఓబులమ్మకు మొదట ఈ సంగతి తెలియదు. గొర్రెల వాళ్ళ అలవాటు ఏమిటంటే, పిడుదును పెరికి రెండు బొటనవేళ్ళ గోళ్ళ మధ్య పెట్టి చిదుపుతారు, లేదా కిరసనాయిలు డబ్బాలో వేస్తారు. సార్‌కు పిడుదులు కావాలని ఎవరో చెబితే ఆమె నెల రోజులు ఏరి, డబ్బా నిండా కిరసనాయిల్లో ఊరేసి ఉంచింది. ఒక్కటి కూడా తిరిగి గొర్రెల మీదికి పాకకుండా జాగ్రత్తగా చంపి ఉంచానని గర్వంగా చెప్పింది. నాకు నవ్వు ఆగలేదు. సార్ మాత్రం రెండు చేతులా ఆ డబ్బా అందుకుని, చాలా కష్టపడ్డావమ్మా అని, జీపులో పెట్టుకుని నెల్లూరుదాకా తెచ్చారు. దారంతా జీపు కిరసనాయిలు కంపు. పారేద్దామని నేనంటే, ఆమె కళ్ళ ముందు పారేయలేదు కదా, ఇప్పుడు మాత్రం ఎందుకు, ఏయే జాతులు ఉన్నాయో లెక్క చూడటానికి చచ్చినవి కూడా పనికొస్తాయి అన్నారు. నిజంగానే కూర్చుని చూశారు.

రెండోసారి వెళ్ళినప్పుడు చెప్పారు, ప్రాణంతో కావాలని, సీసాలో రెండు పచ్చి గడ్డిపోచలు వేసి పెట్టమని. ఓబులమ్మ నా వైపు తిరిగి, "చంపాల్సినదాన్ని సాకమంటాడేంది పాపా? ఈ సారుకు గొర్రెల కంటే పిడుజుల మీద ప్రేమ ఎక్కువగా ఉండాది" అంది. అయినా సాకింది. చేత్తో పెరికితే పిడుదు నలిగి లోపలిదంతా వేళ్ళకు అంటుతుందని, ఆ తడిలోనే జబ్బు ఉంటుందని చెప్పి, సార్ ఆమెకు ఒక కొయ్య చెంచా ఇచ్చారు. ఉదయగిరిలో చాలా ఇళ్ళలో కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కుతారు. సార్ వాళ్ళమ్మ జీవితమంతా ఆ పనే చేసింది. ఆమె చేత ఆయన వేలెడంత చెంచా ఒకటి చేయించి, దాని కొసకు సన్నటి చీలిక పెట్టించారు. ఆ చీలికను పిడుదు కిందికి జరిపి పైకి లేపితే నొక్కుడు పడకుండా మూతితో సహా ఊడి వస్తుంది. కూర కలిపే చెంచాకూ పురుగు తీసే చెంచాకూ తేడా తెలియకపోతే ఎవరి ఇంట్లో ఏం జరుగుతుందోనని ఆ ముసలమ్మ పిడి మీద ఎర్ర రంగు పూసి ఇచ్చింది. మా ప్రయోగశాలలో విదేశాల నుంచి తెప్పించిన స్టీలు పట్టకార్లు ఉండేవి. నేను ఎర్ర పిడి చెంచాకే అలవాటు పడ్డాను.

పెంచే పని నాది. పిడుదును స్పిరిట్లో కడిగి, శుభ్రమైన నీళ్ళలో మళ్ళీ కడిగి, మెత్తగా నూరి, ఆ ద్రవాన్ని సీసాలో పరుచుకుని పెరుగుతున్న కణాల మీద పోయాలి. గాలి బయటికి పోని గది, రెండు జతల గ్లోవ్స్, ముఖానికి మాస్కు, లోపలికి వెళితే గోక్కోవడానికి కూడా ఉండదు. తర్వాత వెచ్చగా ఉంచి వారాల తరబడి కాచుకుని ఉండాలి. కణాలు వాచి, పట్టు వదిలి తేలితే లోపల ఏదో ఉన్నట్టు. నేను ప్రతి పొద్దునా వెళ్ళి చూసేదాన్ని. కణాలు హాయిగా ఉండేవి. ఒక్క సీసాలోనూ ఏమీ పెరగలేదు. సార్ రిజిస్టరులో వేరే ఎక్కడా చూడని ఒక గడి ఉండేది. ఫలితం ఏమీ లేదని రాసిన గడి పక్కనే "మన చెయ్యి" అని ఇంకో గడి. ఏమీ రాలేదంటే అసలు లేకపోయి ఉండొచ్చు, లేదా మనమే ఏదో చేసి ఉండొచ్చు, ముందు రెండోది చూసుకోవాలి అనేవారు. మన చేతి తప్పేమైనా ఉందా అని నన్ను మూడుసార్లు అడిగారు. నేను మూడుసార్లూ "లేదు" అని చెప్పి, ఆ గడి నిండా చక్కటి అక్షరాలతో అదే రాశాను. చివరికి నివేదిక వెళ్ళింది. ఈ ప్రాంతపు పిడుదుల్లో మనిషికి జ్వరం తెచ్చే రకం దొరకలేదని ఆత్మకూరు, కలిగిరి, ఉదయగిరి డాక్టర్లకు ఉత్తరాలు పంపాం. సార్ సంతకం పెట్టే ముందు పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశారు.

నివేదిక వెళ్ళిన పది రోజులకు నేను కొత్త సీసాలు తయారు చేస్తున్నాను. కణాలకు పోసే పోషక ద్రవం కలుపుతూ, ఏదో ఆలోచిస్తూ, ఒక చిన్న మందు సీసా మూతలో సూది గుచ్చాను. గుచ్చాక చెయ్యి ఆగింది. అది ఆంటీబయాటిక్. టీకాల కంపెనీలో కణాలను పెంచేటప్పుడు బయటి బ్యాక్టీరియా పడకుండా ప్రతి సీసాలోనూ అది కలిపేవాళ్ళం. రెండేళ్ళు రోజూ చేసిన పని. పప్పులో ఉప్పు వేసినట్టు చెయ్యి దానంతట అదే వేసేస్తుంది. కానీ ఇక్కడ మేం పెంచాలని చూస్తున్నదే బ్యాక్టీరియా. చెత్త డబ్బా తెరిచి చూస్తే అవే చిన్న సీసాలు, ఖాళీవి, వరసగా. అన్ని వారాలూ పిడుదులోంచి వచ్చిన ప్రతి ప్రాణినీ నేనే దగ్గరుండి చంపి, ఏమీ లేదని రాశాను. గది బయటికి వచ్చి మాస్కు తీసి మెట్ల మీద కూర్చున్నాను. అటుగా పోతూ సార్ ఏమైందమ్మా అని అడిగారు. తలనొప్పి అన్నాను.

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు వివరంగా రాయగలను గానీ, ఏ వివరమూ నాకు మేలు చేయదు. ఉద్యోగం పోతుందన్న భయం కొంత. కంపెనీలో పనిచేసి వచ్చిన పిల్ల, చెయ్యి శుభ్రం అని సార్ అందరి ముందూ పొగిడేవారు, ఆ పేరు పోతుందన్న బాధ చాలా ఎక్కువ. ఆ రోజే మందు కలపని ద్రవంతో కొత్త సీసాలు పెట్టాను. ఈసారి పెరిగితే పాత సంగతి ఎవరికీ అక్కర్లేదు కదా అని లెక్క వేసుకున్నాను. అప్పుడది నాకు ఎంతో తెలివైన లెక్కగా కనిపించింది. బయట ఆ ఉత్తరం డాక్టర్ల బల్లల మీద ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు. అలా పదకొండు రోజులు గడిచాయి.

పదకొండో రోజున పిడుదుల సీసాలు తెచ్చుకోవడానికి ఓబులమ్మ పల్లెకు వెళ్ళాం. జీపు కింద ఆపి నడిచి ఎక్కాలి. దొడ్డి దగ్గర ఎవరూ లేరు. ఓబులమ్మ వసారాలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. ఐదు రోజుల నుంచి జ్వరమని, ఆత్మకూరులో చూపించామని, టైఫాయిడు మందులు వాడుతున్నామని కూతురు చెప్పింది. సార్ పక్కన కూర్చుని ఆమె చెయ్యి తిప్పి చూశారు. అరచేతి నిండా ఎర్రటి మచ్చలు. మోకాలి వెనక నల్లగా ఎండిన పుండు. మెడ మీద జుట్టులో ఇంకా ఒక పిడుదు కరుచుకునే ఉంటే, చెంచాతో లేపి సీసాలో వేశారు. సిగ్నలు కోసం ఇంటి వెనక బండ ఎక్కి ఆత్మకూరు డాక్టరుకు ఫోను చేశారు, స్పీకరు పెట్టి. పిడుదు జ్వరంలా ఉంది, డాక్సీ వేయవచ్చా అని అడిగారు. అవతల ఆయన మంచివాడే, విసుక్కోలేదు. "మీరే గదండీ మన పిడుదుల్లో అది లేదని రాసి పంపింది. కాయితం నా టేబులు మీదే ఉండాది. నేను ఆ పక్కకే పోలేదు" అన్నాడు.

సార్ తన సంతకానికి తనే ఏం సమాధానం చెబుతారు? ఫోను చేతిలో పట్టుకుని కొండ వైపు చూస్తున్నారు. ఓబులమ్మ భర్త మంచం పట్టినప్పుడు ఇదే ఇంట్లో ఆయన ఇలాగే నోరు కట్టుకుని నిలబడి ఉంటారని నాకు అనిపించింది. అప్పుడు నేను బండ మీదికి ఎక్కి ఫోనుకు దగ్గరగా, "ఆ రిపోర్టు తప్పు సార్. సీసాల్లో నేను ఆంటీబయాటిక్ కలిపినాను. అందుకే ఏమీ పెరగలా. పదకొండు రోజులైంది నాకు తెలిసి" అన్నాను. ఎవరికి చెప్పానో నాకే తెలియదు, ఇద్దరూ సార్లే. డాక్టరు డాక్సీ ఇప్పుడే మొదలుపెట్టి ఆమెను తన దగ్గరికి తీసుకురమ్మన్నాడు. మా జాగ్రత్త కోసం మేం వెంట పెట్టుకునే మాత్రలు సార్ సంచిలో ఉన్నాయి. ఆయన గబగబా కిందికి దిగారు. అంత తప్పు ఒప్పుకున్నాక కూడా నా బుర్ర ఊరుకోలేదు. రక్తం తీసే సామాను కింద జీపులో ఉంది. మాత్ర వేశాక తీస్తే ఆ రక్తంలో ప్రాణంతో ఏమీ దొరక్కపోవచ్చు. మేం ఇన్నాళ్ళూ వెతికింది ఈమె ఒంట్లోనే ఉంది. ఒక్క గంట ఆగితే తెచ్చేస్తానని సార్‌తో అన్నాను. ఆయన అప్పటికే ఓబులమ్మ తల ఎత్తి నీళ్ళు తాగిస్తున్నారు. "సూది కోసం మాత్ర ఆగదమ్మా" అని, మాత్ర ఆమె నాలుక మీద పెట్టారు.

ఓబులమ్మ మూడో రోజుకు లేచి కూర్చుని గొర్రెల్ని ఎవరు మేపుతున్నారని తగువు పెట్టుకుంది. ఆ రోజు ఆత్మకూరులో ఆమెను వదిలి నెల్లూరు వస్తూ ఉంటే జీపులో నేను తిట్ల కోసం కాచుకుని కూర్చున్నాను. ఉద్యోగం మానేస్తానని అనడానికి మాటలు కూడబలుక్కుంటున్నాను. సంగం ఊరు దాటాక సార్ అడిగారు: "ఈ పదకొండు రోజుల్లో ఎవరొచ్చినారు?" నాకు అర్థం కాలేదు. "ఆ కాయితం చూసి ఆ డాక్టరు ఎవరెవరికి ఈ మాత్ర ఇయ్యకుండా ఉన్నాడో తెలుసుకోవాలని నీకు లేదా? పిడుదు కాళ్ళెందుకు ఎత్తిందో తెలుసుకున్నావు గదా, ఇదీ తెలుసుకో." ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నారు. అంతకుముందు రోజులు తెలియక చేసినవి, వాటికి ఇద్దరం బాధ్యులం. ఈ పదకొండు మాత్రం నీవి అన్నారు. నివేదిక తప్పని మర్నాడే మూడు ఊళ్ళకూ ఉత్తరాలు వెళ్ళాయి. పోస్టులో కాదు, బస్సెక్కి నేనే తీసుకెళ్ళి డాక్టర్ల చేతికి ఇచ్చి, వాళ్ళ ముందు చదివి వినిపించాలన్నది ఆయన షరతు. ఆత్మకూరు డాక్టరు తన పుస్తకం తిరగేసి, ఆ రోజుల్లో జ్వరంతో, ఒంటి మీద మచ్చలతో వచ్చిన వాళ్ళ పేర్లు నాలుగు రాసిచ్చాడు. మిగతా రెండు ఊళ్ళ పుస్తకాల్లో అలాంటి వాళ్ళెవరూ లేరు.

వారానికి ఒకరి చొప్పున వెతుక్కుంటూ వెళ్ళాను. ఆత్మకూరులో ఇద్దరు, కలిగిరి దగ్గర ఒకరు. ముగ్గురూ కోలుకుని తమ పనుల్లో ఉన్నారు. ఒకావిడ నాకు మజ్జిగ కూడా ఇచ్చింది. నా గుండె కొంచెం కొంచెంగా తేలికపడుతూ వచ్చింది. ఈలోగా ఓబులమ్మ మెడ మీద తీసిన పిడుదును నేను నూరి, మందు కలపని సీసాలోని కణాల మీద పోసి ఉంచాను. ఒక పొద్దున చూస్తే కణాలు పట్టు వదిలి ఉన్నాయి. రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టి సార్‌ను పిలిస్తే, ముందు నువ్వే చూడు అన్నారు. కణాల లోపల ఎర్రగా, సన్నగా, చిన్న చిన్న పుల్లల్లాంటివి. మేం వెతుకుతున్న రకమే. నాకు ఏడుపు వచ్చింది. "ఏడవొద్దమ్మా, అద్దం మసక పడతాది. చూడు, బాగా చూడు" అని సార్ నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ సాయంత్రం అందరికీ మిఠాయి పంచారు. ఇక ఆ నాలుగో పేరు సంగతి వదిలేయొచ్చా అని నేను అడిగాను. దొరికింది కదా, డాక్టర్లకు తెలిసింది కదా. ఆయన మిఠాయి నములుతూ, "పేరు ఇంకా ఉండాది గదమ్మా" అన్నారు.

నాలుగో పేరు చెంచమ్మ. సోమశిల డ్యాము కట్టినప్పుడు ఊరు మునిగిపోయి జలాశయం ఒడ్డుకు వచ్చి ఇళ్ళు వేసుకున్న వాళ్ళలో ఒకరు. భర్త చేపలు పడతాడు, ఇంటి దగ్గర నాలుగు మేకలు. నేను వెళ్ళేసరికి ఆమె వాకిట్లో కూర్చుని చిరిగిన వల కుడుతోంది. బస్సులో వల్లె వేసుకున్న మాటలన్నీ ఒక్క ఊపున చెప్పేశాను. ఆమె నా పెదవుల వైపు చూసింది. వల పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. "గట్టిగా చెప్పు పాపా. జొరం వచ్చి పోయినకాడి నించి చెవులు వినపడటంలా" అంది. ఈ జబ్బు ముదిరితే కొందరికి వినికిడి పోతుందని నేను చదివి ఉన్నాను. మళ్ళీ చెప్పాను, కాస్త గట్టిగా. ఆమె తల అడ్డంగా ఊపింది. పక్కిళ్ళ వాళ్ళు బయటికి వచ్చారు. మూడోసారి నేను అరిచాను. సీసాల్లో మందు నేనే కలిపానని, జబ్బు లేదని తప్పు రాసింది నేనేనని, తప్పని తెలిశాక కూడా నోరు మూసుకున్నానని, మీరు ఆత్మకూరు వచ్చింది ఆ రోజుల్లోనేనని. సిగ్గు పడ్డ మనిషి గొంతు చిన్నదవుతుంది కదా. నాకు ఆ వీలు కూడా లేకపోయింది. వీధి వీధంతా విన్నది.

ఆమె భర్త పడవ దగ్గర నుంచి లేచి వచ్చి నిలబడ్డాడు. చెంచమ్మ వల వైపు చూసి, "అంటే, ఆ మాత్ర అప్పుడే ఏసుంటే నా చెవులు నిలిచుండునా?" అని అడిగింది. ఉండొచ్చు, ఖాయంగా తెలియదు. ఆ రెండు మాటలూ కూడా అరిచే చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె లోపలికి వెళ్ళి పిల్లల నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి తెచ్చింది. "ఆ మాత్ర పేరు పెద్ద అచ్చరాలతో రాసి పెట్టి పో. ఈడ ఇంకా మేకలు ఉండాయి, మనుషులు ఉండారు" అంది. రాశాను. ఏ మచ్చలు వస్తే, ఎన్ని రోజుల్లో డాక్టరు దగ్గరికి పోవాలో కూడా రాశాను. అక్షరాలు వంకరపోతే, కొడుకు చదవలేడని ఇంకో కాగితం ఇచ్చి మళ్ళీ రాయించింది.

నెల్లూరు వెళ్ళి సార్‌కు అంతా చెప్పాను. ఒక చెవా, రెండూనా, ఒక్కసారే పోయిందా, మెల్లగా పోయిందా, తల తిరుగుతోందా అని అడిగి అన్నీ రాసుకున్నారు. ఆ మర్నాడే ఆమెను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఎడమ చెవికి కొంచెం తిరిగి వచ్చింది, కుడి చెవికి రాలేదు. అదంతా తర్వాత సంగతి. ఆ రోజు మాత్రం పెన్ను మూత పెట్టి చివరగా ఒకటే అడిగారు: "ఆమెకు వినిపించిందా?" వినిపించింది సార్ అన్నాను. సరే, పోయి అన్నం తినమన్నారు.

ఇప్పుడు ఆయన కూర్చున్న గదిలో నేను కూర్చుంటున్నాను. పిల్లలు కొత్తగా వస్తారు, పళ్ళెంలో పిడుదును చూసి ఏమీ చేయడం లేదంటారు, ఊపిరి వదలమంటాను. సార్‌కున్న ఓపిక నాకు లేదు, ఆయన నెమ్మదీ రాలేదు. ఆయన నుంచి నాకు వచ్చింది ఒకటే. పనిలో తప్పు చేయని నెల ఉండదు. నా తప్పు నేను చెప్పాల్సి వచ్చినప్పుడు మీటింగుల్లో నా గొంతు దానంతట అదే పెద్దదైపోతుంది. మేడమ్‌కు కోపం వచ్చిందనుకుని కొత్తవాళ్ళు తలలు దించుకుంటారు. కోపం కాదు. చెంచమ్మకు వినపడాలి కదా.